అంచు నీళ్ల వేటగత్తె

తూర్పు మహారాష్ట్రలోని మన ముల్చేరకు పడమటి వైపున, చప్రాల దగ్గర, వార్ధా నది వైన్‌గంగలో కలిసి ప్రాణహిత అవుతుంది. అక్కడి నుంచి 113 కిలోమీటర్లు పారి, అహేరిని దాటి, సిరొంచ ఎదుట కాళేశ్వరం వద్ద గోదావరిని చేరుతుంది. పేరుకు ఉపనదే కాని దీని వాటా చిన్నది కాదు. గోదావరి పరీవాహక ప్రాంతం 3,12,812 చదరపు కిలోమీటర్లు. అందులో మూడో వంతుకు కొంచెం పైగా, అంటే దాదాపు 1,09,000 చదరపు కిలోమీటర్లు, ప్రాణహితదే. వార్ధా దక్కను నల్లరేగడిని కడిగి తెస్తుంది. వైన్‌గంగ ఇసుకను తెస్తుంది. ఆ మట్టిలో సన్నని భాగం ధవళేశ్వరం ఆనకట్టను దాటి, గౌతమి పాయ వెంట సాగి, కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో పేరుకుంటుంది. ఆ మడ అడవిలో చేపలు పట్టి బతికే ఒక రకం పిల్లి ఉంది. తెలుగులో దాన్ని బావురుపిల్లి అంటారు, నీటిపిల్లి అని కూడా అంటారు. శాస్త్రజ్ఞులు దాన్ని ప్రియోనైలురస్ వివెర్రినస్ అని పిలుస్తారు.

ముల్చేర చుట్టుపక్కల నీటికి కొరత లేదు. ప్రాణహిత ఉంది, దినా నది ఉంది, దాని మీద రేగడి జలాశయం ఉంది, ఊరూరా పాత చెరువులు ఉన్నాయి. వాటిలో చేపలూ ఉన్నాయి, పక్కనే అడవీ ఉంది. పిల్లికి కావలసినవన్నీ ఉన్నట్టే కనిపిస్తుంది. అయినా బావురుపిల్లి నెలవుగా పేరుపడ్డది మన ప్రాణహిత ఒడ్డు కాదు, ఇదే నీరు సముద్రంలో కలిసే చోటు. ఒకే నది పై భాగం ఒక జంతువుకు పనికిరాకుండా, చివరి భాగం దానికి ఇల్లు ఎలా అయింది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే పిల్లి గురించే కాదు, నీటి గురించి కూడా కొంత తెలుస్తుంది.

ముందు ఆ జంతువు సంగతి. 1833లో ఎడ్వర్డ్ టర్నర్ బెన్నెట్ అనే ఇంగ్లీషు జంతుశాస్త్రజ్ఞుడు దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పొడుగాటి ముఖాన్ని, ఒంటి మీది మచ్చలను చూసి పునుగుపిల్లిని పోలి ఉందనుకున్నాడు కాబోలు, జాతి నామంలో ఆ పోలికనే పెట్టాడు. ఇంటిపిల్లికి రెట్టింపు పరిమాణం ఉంటుంది. బరువు 5 నుంచి 16 కిలోల దాకా తూగుతుంది, మగది ఆడదానికన్నా చాలా పెద్దది. ఒళ్లు బూడిద రంగులో ఉండి కొంచెం ఆకుపచ్చ డాలు కొడుతుంది. దాని మీద నల్లమచ్చలు వెన్ను వెంట వరుసలు కట్టి ఉంటాయి, నుదుటి నుంచి మెడ దాకా నల్లచారలు సాగుతాయి. చెవులు చిన్నవి, గుండ్రనివి. కాళ్లు పొట్టివి. తోక మొదట్లో లావుగా, శరీరం పొడవులో మూడో వంతే ఉంటుంది. నడిచేటప్పుడు నేలకు దగ్గరగా, బరువుగా కనిపిస్తుంది. జింక వెంట పరుగెత్తడానికి పుట్టిన శరీరం కాదని చూడగానే తెలుస్తుంది.

దీని దగ్గరి చుట్టాల్లో ఒకటి మన విదర్భ అడవుల్లో ఉంది. ప్రపంచంలోని పిల్లి జాతులన్నిటిలోకి అతి చిన్నదైన తుప్పుమచ్చల పిల్లి తూర్పు మహారాష్ట్ర టేకు అడవుల్లో తిరుగుతుంది. బరువు కిలో నుంచి కిలోన్నర, ఎదిగిన మగ బావురుపిల్లి బరువులో పదో వంతు. రెండూ ప్రియోనైలురస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. జన్యువులను పోల్చి చూసిన శాస్త్రజ్ఞులు, ఈ శాఖ మిగతా పిల్లుల నుంచి సుమారు 60 లక్షల ఏళ్ల కింద విడిపోయిందని అంచనా కట్టారు. ఆ తర్వాత ఒకటి ఎండు ఆకుల మధ్య ఎలుకలను, చిన్న పక్షులను వేటాడుతూ కురచబడింది. ఇంకొకటి నీటిలోకి దిగి బలిసింది. మలేసియా వైపు, సుమత్రా, బోర్నియో దీవుల్లో ఉండే చదునుతల పిల్లి కూడా ఈ శాఖలోదే, అదీ నీటి పక్కన బతికేదే. ఒకే కుటుంబంలో ఇంత తేడా రావడానికి జీవపరిణామంలో 60 లక్షల ఏళ్లు మరీ ఎక్కువ కాలమేమీ కాదు.

పిల్లికి నీళ్లంటే పడదని అందరం అనుకుంటాం. తడిసిన బొచ్చు ఒంటి వేడిని నిలపలేదు, ఆ అయిష్టానికి అదే ముఖ్య కారణం. బావురుపిల్లి ఈ చిక్కును రెండు పొరల బొచ్చుతో దాటింది. లోపలి పొర పొట్టిగా, ఎంతో దట్టంగా ఉంటుంది. నీరు దాన్ని దాటి చర్మం దాకా తేలిగ్గా పోదు. పై పొరలోని పొడవాటి వెంట్రుకలు ఒంటికి రంగునూ మచ్చలనూ ఇస్తాయి. నీటిలో మునిగి లేచినా లోపలి చర్మం చాలావరకు పొడిగానే ఉంటుంది. నీటికుక్క ఒంటి మీదా ఇలాంటి ఏర్పాటే ఉంది. వేరువేరు వంశాల జంతువులు ఒకే ఇబ్బందికి ఒకే రకం జవాబు కనిపెట్టడం ప్రకృతిలో మామూలే.

కాళ్ల విషయంలో మాత్రం పుస్తకాలు కొంత అతిశయించాయి. బావురుపిల్లి వేళ్ల మధ్య బాతుకు ఉన్నట్టు పొర ఉంటుందని, అందుకే ఈదగలదని చాలాచోట్ల రాశారు. పొర ఉన్న మాట నిజమే. కాని నీళ్లతో పెద్దగా సంబంధం లేని అమెరికా బాబ్‌క్యాట్ పాదంలో ఉన్నదానికన్నా అది పెద్ద ఎక్కువేమీ కాదని కొలిచి చూసినవాళ్లు తేల్చారు. అసలు ప్రత్యేకత గోళ్లది. మిగతా పిల్లుల్లో చాలావరకు గోళ్లను పూర్తిగా లోపలికి ముడుచుకోగలవు. దీని గోళ్ల తొడుగు చిన్నది కావడంతో, ముడిచినా కొసలు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. జారే బురదలో పట్టు దొరకడానికీ, జారే చేపను గుచ్చి లాగడానికీ ఇవి పనికొస్తాయి. కళ్లకు కొట్టొచ్చినట్టు కనపడే అంగాన్ని చూసి కథ అల్లడం తేలిక. పనిచేసే అంగం ఒక్కోసారి దాని పక్కన చిన్నగా ఉంటుంది.

వేట తీరు గురించి కూడా అలాంటి అపోహే ఉండేది. ఈ పిల్లి నీటిలో దూకి, మునిగి, చేపను తరిమి పడుతుందని ఊహించుకునేవారు. వేటాడే బావురుపిల్లులను చూపే 197 వీడియో ముక్కలను పరిశోధకులు ఒకచోట చేర్చి, ఏ పనికి ఎంత సమయం పడుతుందో లెక్కగట్టారు. సగం సమయానికి పైగా అది ఏమీ చేయదు, నీటి అంచున కదలకుండా కూర్చుంటుంది. తక్కిన సమయంలో ఎక్కువ భాగం అంచు వెంటే మెల్లగా జరుగుతూ చోటు మారుస్తుంది. లోతు నీళ్లలోకి ఒళ్లంతా ముంచి దూకడం చాలా తక్కువ. దూకినప్పటి కన్నా లోతు లేని నీటిలో వేసిన ఎత్తులే ఎక్కువగా ఫలించాయి. ఒక్క మాటలో, ఇది కొంగ చేసే పని చేసే పిల్లి.

దీని వెనక భౌతికశాస్త్రం కొంత ఉంది. నీటిలోంచి గాలిలోకి వచ్చే కాంతి వంగుతుంది. అందువల్ల పైనుంచి చూసే కంటికి చేప ఉన్నచోటుకన్నా పైన ఉన్నట్టు తోస్తుంది. లోతు పెరిగేకొద్దీ ఈ పొరపాటు పెరుగుతుంది, లోతు లేని నీటిలో తక్కువగా ఉంటుంది. పైగా లోతు లేని నీటిలో చేపకు కిందికి పారిపోయే దారి ఉండదు. ఇంకో సంగతి. చిత్తడి నీటిలో ఆమ్లజని తక్కువ. అక్కడ బతికే కొర్రమట్ట, మార్పు వంటి చేపలు మొప్పలతో సరిపెట్టుకోలేక, ఉండి ఉండి పైకి వచ్చి గాలి మింగుతాయి. కూర్చుని ఎదురుచూసే వేటగాడికి ఇంతకన్నా మంచి అదను ఉండదు. ఓపికే ఇక్కడ ఆయుధం అనిపిస్తుంది కాని, ఓపికకు ఫలితం దొరికే చోటును ఎంచుకోవడమే అసలు నేర్పు.

తిండిలో చేపదే పెద్ద పాలు. రాజస్థాన్‌లోని కేవలాదేవ్‌లో ఈ పిల్లి మలాన్ని పరీక్షించినప్పుడు దాదాపు నాలుగింట మూడు వంతుల్లో చేప ఆనవాళ్లు దొరికాయి. మిగిలినవి పక్షులు, ఎలుకలు, పురుగులు. పీతలను, కప్పలను, నత్తలను, పాములను కూడా తింటుంది. ఎలుకల సంగతి రైతులు గుర్తు పెట్టుకోదగినది. వరిపొలాల పక్కన ఉన్నచోట ఈ పిల్లి పంటకు మేలే చేస్తుంది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. బావురుపిల్లికి కావలసింది నీరు కాదు, నీటి అంచు. ఆ అంచు లోతు లేకుండా మెల్లగా వాలి ఉండాలి. దాని పక్కనే ఒళ్లు దాచుకునేంత తుంగో, జమ్మో, రెల్లో, మడచెట్లో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ అంచు ఏడాది పొడవునా ఉండాలి. నేపాల్‌లోని చిత్వన్‌లో 1990ల మొదట్లో కొన్ని పిల్లులకు రేడియో పట్టీలు కట్టి గమనించారు. ఆడపిల్లి 4 నుంచి 6 చదరపు కిలోమీటర్లలో, మగది 16 నుంచి 22 చదరపు కిలోమీటర్లలో తిరిగాయి. పగలంతా దట్టమైన గడ్డిలో, కొన్నిసార్లు నీటికి దూరంగానే గడిపాయి. అంటే నీటితో పాటు ఆ గడ్డి కూడా పోకూడదు. శ్రీలంకలో ఇది కొండవాగుల దాకా ఎక్కింది, కొలంబో నగరం మధ్యలోని చిత్తడుల్లోనూ బతుకుతోంది. ఆ వాగులు ఎండవు, వాటి ఒడ్డున పొదలు ఉంటాయి. సముద్రతీరమే కావాలన్న పట్టింపు దీనికి లేదు.

ప్రాణహిత తీరు వేరు. వానాకాలంలో ఒడ్డులు దాటి ఊళ్లను ముంచే నది, వేసవికి ఇసుకలోనూ రాళ్లలోనూ సన్నని పాయగా మిగులుతుంది. ఆషాఢంలో అంచు ఉన్న చోటికి, వైశాఖంలో అంచు ఉన్న చోటికి మధ్య ఎండిన ఇసుక మేట. దాని మీద దాచుకోవడానికి గడ్డిపోచ ఉండదు. చెరువుల్లో అంచు బాగుంటుంది, తుంగా ఉంటుంది. కాని చిన్న చెరువులు చాలావరకు ఎండాకాలం చివరకు నెర్రెలు విచ్చుతాయి. ఇలాంటి చోట చేప మీదే ఆధారపడ్డ జంతువు ఏడాదికి రెండు మూడు నెలలు పస్తుండాలి. ఇది నా ఊహే కాని, ఈ పిల్లి స్థిరపడ్డ చోట్లన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వేరే వివరణ ఇంత చక్కగా అతకదు.

     

ముల్చేర చెరువుల అంచున బావురుపిల్లి చోటును వేరొక పిల్లి భర్తీ చేసింది. అది జంగుపిల్లి. అడవిపిల్లి అని ఎక్కువమంది అనేది దీన్నే. నిజానికి ఇది దట్టమైన అడవిలో ఉండదు. తుంగ, రెల్లు, చెరకుతోటలు, వరిగట్లు దీనికి ఇష్టం. ఇది కూడా ఈదగలదు, దొరికితే చేపనూ తింటుంది. కాని దీని బతుకు ఎలుక మీద. చెరువు ఎండినా ఎలుక ఉంటుంది కాబట్టి ఎండాకాలం దీనికి గండం కాదు. రెంటినీ పోల్చి గుర్తుపట్టడం కష్టం కాదు. జంగుపిల్లి కాళ్లు పొడుగు, ఒంటి మీద మచ్చలు దాదాపు ఉండవు, చెవి కొసన నల్లని కుచ్చు, తోక చివర నల్లని పట్టీలు. బావురుపిల్లి కాళ్లు పొట్టి, ఒళ్లంతా మచ్చల వరుసలు, చెవికి కుచ్చు ఉండదు. పునుగుపిల్లి మూతి కోసుగా, తోక పొడుగ్గా కట్లుకట్లుగా ఉంటుంది, అది అసలు పిల్లి కుటుంబానిదే కాదు. కోస్తాలో బావురుపిల్లిని చూసి చిరుత పిల్ల అనుకుని జనం కర్రలు పట్టుకుని వెంటపడటం మాటిమాటికీ జరుగుతుంటుంది. మచ్చలున్న ప్రతిదీ చిరుత కాదని బడిలోనే చెప్పగలిగితే కొన్ని ప్రాణాలైనా మిగులుతాయి.

ముల్చేరలో ఈ పిల్లిని పేరుతో ఎరిగినవాళ్లు ఉండే అవకాశం ఉంది. 1960ల నుంచి తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు ఈ తాలూకాలో భూములిచ్చి ఊళ్లు కట్టించారు. తెలుగు, గోండి, మరాఠీ మాట్లాడే నేల మీద బెంగాలీ అలా చేరింది. ఇంటి పక్కన చెరువు తవ్వి చేపలు పెంచే అలవాటునూ వాళ్లు వెంట తెచ్చుకున్నారు. వాళ్లు విడిచి వచ్చిన నేల బావురుపిల్లికి పెట్టని కోట. అటు పశ్చిమ బెంగాల్ 2012లో దీన్నే తన రాష్ట్ర జంతువుగా ప్రకటించుకుంది. అక్కడ దాన్ని బాఘ్‌రోల్ అంటారు.

కోరింగకు వెళ్దాం. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవి విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. కోరింగ, గాడేరు పాయలు దీన్ని ముక్కలు ముక్కలుగా కోస్తూ కాకినాడ అఖాతంలో కలుస్తాయి. తూర్పున హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ సముద్రపు అలల దెబ్బను ఆపుతుంది. ఆ మరుగున బురద కదలకుండా నిలుస్తుంది, బురద నిలిచిన చోట మడ మొలుస్తుంది. బురదలో గాలి ఆడదు కనుక మడచెట్ల వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీలుస్తాయి. వేళ్ల సందుల్లో రొయ్యపిల్లలు, చేపపిల్లలు, మడపీతలు పెరుగుతాయి. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు వస్తుంది. పాటు తీసినప్పుడు కాలువల్లో నీరు జారిపోయి, గుంటల్లో చేపలు చిక్కుకుంటాయి.

బావురుపిల్లి కోణం నుంచి ఈ ఏర్పాటును చూడండి. మన చెరువు అంచు ఏడాదికి ఒకసారి వెనక్కి జరుగుతుంది. కోరింగలో అంచు రోజూ కదులుతుంది, ఎప్పుడూ ఉంటుంది. ఏ సమయంలోనైనా ఎక్కడో ఒకచోట లోతు లేని నీళ్లు, పక్కనే చెట్ల చాటు. వైశాఖమైనా ఆషాఢమైనా సముద్రం ఎండదు. ఈ అడవిలో పులి లేదు, చిరుత లేదు. నక్కలు, నీటికుక్కలు తోటి వేటగాళ్లు. నీటికుక్క గుంపుగా లోతులో తరిమి పడుతుంది, బావురుపిల్లి ఒంటరిగా అంచున కాచి పడుతుంది. ఒకే చేపలకు పోటీ ఉన్నా, వేట చోటు వేరు.

ఎన్ని ఉన్నాయన్నది లెక్కించడానికి మచ్చలే సాయపడ్డాయి. మనిషి వేలిముద్రలాగే ఏ రెండు పిల్లుల మచ్చల అమరికా ఒకటి కాదు. దారుల పక్కన కెమెరాలు కట్టి, వేడిని పసిగట్టి వాటంతట అవే తీసిన ఫొటోల్లో ఒక్కో పిల్లిని విడివిడిగా గుర్తుపడతారు. ఏ పిల్లి ఏ కెమెరాకు ఎన్నిసార్లు చిక్కిందో చూసి, చిక్కనివి ఎన్ని ఉండవచ్చో గణితంతో అంచనా వేస్తారు. కోరింగలో ఇలాంటి సర్వేల తర్వాత 2018 నాటికి 115 అన్న సంఖ్య బయటికి వచ్చింది. ఒడిశాలోని చిలికా సరస్సులో అభయారణ్యం హద్దుల బయట ఇదే పద్ధతిలో వేసిన లెక్క 2022లో వెలువడింది. అక్కడ 176. రక్షిత ప్రాంతాల వెలుపల ఈ జాతికి ప్రపంచంలోనే మొదటి లెక్క అది. ఈ రెండో సంఖ్యే నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. మత్స్యకారులు రోజూ తిరిగే నీటిలో, ఏ కంచే లేని చోట, ఇన్ని పిల్లులు మనుషులతో సర్దుకుని బతుకుతున్నాయని అది చెబుతుంది.

చట్టం దీనికి పులితో సమానమైన హోదా ఇచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలులో ఉంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2008లో దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చి, 2016లో ఒక మెట్టు దించి ముప్పుకు లోనయ్యే జాతిగా మార్చింది. కెమెరాలు కట్టి చూడటంతో తెలియని చోట్ల కూడా ఉన్నట్టు తేలడం ఈ మార్పుకు ఒక కారణం. పిల్లి సుఖపడిందని దీని అర్థం కాదు. చట్టం ఇచ్చిన హోదాకూ భూముల పటానికీ పొంతన లేదు. చిత్తడి నేల రెవెన్యూ రికార్డుల్లో చాలాచోట్ల బంజరు. ఆ బంజరులో చెరువు తవ్వితే డబ్బు.

కృష్ణా గోదావరి డెల్టాల్లో 1990ల మొదట్లో రొయ్యల సాగు ఉప్పెనలా వచ్చింది. మడలను నరికి, చవిటి నేలలను తవ్వి, చెరువులు కట్టారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించాలని తీర్పిచ్చింది. కొల్లేరులో 2006లో చేపల చెరువుల గట్లను ప్రభుత్వమే యంత్రాలతో తెగ్గొట్టించింది. సాగు ఆగలేదు, చోటు మారింది. 1989లో ప్రకటించిన కృష్ణా అభయారణ్యం 194.81 చదరపు కిలోమీటర్లది. దాని చుట్టూ కూడా చెరువులే. చెరువు ఉన్నచోట చేప ఉంటుంది కదా, పిల్లికి ఇబ్బందేమిటి అనిపించవచ్చు. రొయ్యల చెరువు గట్టు నిటారుగా ఉంటుంది, దాని మీద గడ్డి మొలవనివ్వరు, పక్షులు దిగకుండా పైన తాళ్లు కడతారు. నీళ్లున్నాయి కాని అంచు లేదు. అయినా ఆకలేసిన పిల్లి వస్తుంది, వలకో ఉచ్చుకో చిక్కుతుంది, లేదా గట్టు పక్కన తారురోడ్డు మీద లారీ కింద పడుతుంది. చేపల రైతును తప్పుపట్టి లాభం లేదు, పిల్లి తినేది అతను అప్పు చేసి విడిచిన చేపపిల్లలనే. గట్ల మధ్య కొంత జమ్మును వదిలిపెట్టిన చెరువుల దగ్గర పిల్లి పగలు దాక్కుని, రాత్రి ఎలుకలను కూడా తింటూ నెట్టుకొస్తుంది.

ఇంతవరకు చెప్పిన ముప్పులన్నీ డెల్టాలో పుట్టినవి. నదికి ఎగువన, మన వైపున పుట్టే ముప్పు మరొకటి ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. మడ అడవి బురద మీద నిలుస్తుంది. ఆ బురదను నది తేవాలి. సముద్రం రోజూ కొంత కోసుకుపోతుంది, నది రోజూ కొంత నింపాలి. 1970-79 మధ్య గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును డెల్టాకు చేర్చేదని, 2000-2006 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని తీరరేఖను అధ్యయనం చేసిన శాస్త్రజ్ఞులు చూపారు. మునుపటి ఒండ్రులో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ ఎగువ జలాశయాల అడుగునే ఆగిపోయింది. అదే కాలంలో డెల్టా ఒడ్డు చాలాచోట్ల వెనక్కి జరిగింది.

ఈ నదిని పై నుంచి చివరిదాకా ఒకే దారిగా చూసిన కాలం ఒకటుంది. పందొమ్మిదో శతాబ్ది మధ్యలో ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ వార్ధా లోయ పత్తిని పడవల మీద కోస్తా రేవులకు దింపాలని తలపెట్టాడు. దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇంచంపల్లి, మూడోది ప్రాణహిత మీద అహేరి దగ్గరి దేవలమర్రి. ఏళ్ల తరబడి రాళ్లు పగలగొట్టించి, కాలువలు తవ్వించి, చివరికి 1871లో పనులు ఆపేశారు. రైలు వచ్చాక పత్తికి నది అక్కర్లేకపోయింది. పత్తి దిగలేదు కాని పత్తి చేల మట్టి మాత్రం ఎవరూ తవ్వని దారిలో ఏటా కోస్తాకు దిగుతూనే ఉంది.

ఇప్పుడు ఆ దారిలో గేట్లు నిలిచాయి. ప్రాణహిత గోదావరిలో కలిసిన కొద్ది దూరానికే మేడిగడ్డ బ్యారేజి ఉంది. ఒక కొస తెలంగాణలో, మరో కొస సిరొంచ తాలూకాలో. 85 గేట్ల ఈ బ్యారేజిని 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరులో కొన్ని పియర్లు కుంగడంతో దేశమంతా దాని పేరు విన్నది. సిరొంచ రైతులకు అంతకుముందే తెలుసు, వెనక్కి తన్నిన నీరు వాళ్ల పొలాలను ముంచింది. వరదకు గేట్లు ఎత్తే బ్యారేజి పెద్ద ఆనకట్టలా మట్టి మొత్తాన్నీ ఆపదు, ఆ తేడాను ఒప్పుకోవాలి. కాని వార్ధా, వైన్‌గంగ, వాటి ఉపనదుల మీద ఉన్న జలాశయాలన్నిటినీ కలిపి చూసినప్పుడు, ఏ ప్రాజెక్టు పర్యావరణ నివేదికలోనైనా కోరింగ బురద ఒక పద్దుగా ఉండాలన్నది నా వాదన. ముంపు గ్రామాలను లెక్కిస్తారు, నరికే చెట్లను లెక్కిస్తారు. దిగువకు పోకుండా ఆగే ఒండ్రును కూడా టన్నుల్లో లెక్కించి, ఏటా కొంతైనా అడుగు తూముల ద్వారా వదలాలి. అభయారణ్యం సరిహద్దు రాళ్లను కాకినాడలో పాతారు. ఆ అడవి కింద నేల మాత్రం చప్రాల పైనుంచి రావాలి.

ఇక మన చెరువుల మాట. మహారాష్ట్రలో 2017లో జలాశయాల పూడిక తీసి పొలాలకు తోలే పథకం మొదలైంది. నది అవతల తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ చేసిందీ అదే. పూడిక తీయడం మంచి పనే, నీరు ఎక్కువ నిలుస్తుంది, మట్టి చేనుకు బలం. పనిచేసే తీరులోనే చిక్కుంది. యంత్రం చెరువును అన్ని వైపులా ఒకే లోతుకు, నిటారుగా కోస్తుంది. తుంగ పెరిగే లోతు లేని అంచు ముందు పోతుంది. దానితో పాటు కొర్రమట్ట గుడ్లు పెట్టే చోటు, చిలువబాతులు మేసే చోటు, జంగుపిల్లి ఎలుకకు పొంచే చోటు పోతాయి. పంచాయతీ గుత్తకు ఇచ్చేముందు కట్టకు ఎదుటి వైపు, వాన నీరు చెరువులోకి దిగే వైపున, అంచును తవ్వకుండా వదలమని రాసుకుంటే ఖర్చేమీ పెరగదు. నీరు లోపలికి వచ్చే చోట గడ్డి ఉంటే చేల మట్టి దానికే ఆగుతుంది, చెరువు మళ్లీ పూడడం కూడా ఆలస్యమవుతుంది.